జన్మతః వచ్చే పుపుస సిరల లోపాలు

జన్మతః వచ్చే పుపుస సిరల లోపాలు అనగా ఊపిరితిత్తులలో ప్రాణవాయువును గ్రహించిన రక్తాన్ని గుండెకు తీసుకువచ్చే పుపుస సిరలు, పుట్టుకతోనే చేరవలసిన ఎడమ కర్ణికకు చేరకపోవడం, లేదా చేరే దారిలో ఇరుకుగా ఉండడం. ఈ లోపాలలో కొన్ని శిశువు పుట్టిన కొద్ది గంటలలోనే ప్రాణాపాయం కలిగిస్తాయి. మరికొన్ని ఏ బాధా లేకుండా జీవితాంతం ఉండిపోతాయి. ఈ రెండింటికీ మధ్య ఉన్నవి కొన్ని సంవత్సరాల పాటు మౌనంగా ఉండి, చివరకు పుపుస ధమనులలో అధిక రక్తపోటుగా బయటపడతాయి.

పుపుస ధమనులలో రక్తపోటు పెరిగినదని అనుమానించిన రోగులందరిలోను ఈ లోపాలు ఉండవు. నిజానికి ఇవి అరుదైన కారణాలే. అయినా వైద్యశాస్త్రంలో వీటికి ప్రత్యేక స్థానమున్నది. పుపుస ధమనుల అధిక రక్తపోటుకు గల కారణాలలో చాలావాటిని మందులతో అదుపు చేయగలమే గాని తొలగించలేము. సిరల లోపాలలో అనేకం మాత్రం శస్త్రచికిత్సతో సరిచేయదగినవి. అందుచేత నాలుగు పుపుస సిరలూ ఎక్కడ కలుస్తున్నాయో చూడకుండా ఏ రోగికీ "కారణం తెలియని అధిక రక్తపోటు" అని పేరు పెట్టరాదు.

పుపుస సిరలు - సహజ నిర్మాణం

శరీరంలోని ధమనులలో సాధారణంగా ప్రాణవాయువు ఎక్కువగా ఉన్న రక్తం, సిరలలో తక్కువగా ఉన్న రక్తం ప్రవహిస్తాయి. ఊపిరితిత్తుల విషయంలో ఇది తారుమారు. పుపుస ధమని గుండె కుడి జఠరిక నుండి ప్రాణవాయువు తక్కువగా ఉన్న రక్తాన్ని ఊపిరితిత్తులకు తీసుకువెళుతుంది. పుపుస సిరలు ప్రాణవాయువు నిండిన ఎర్రని రక్తాన్ని ఎడమ కర్ణికకు చేరుస్తాయి. అక్కడ నుండి రక్తం ఎడమ జఠరికకు, బృహద్ధమనికి, తద్వారా శరీరమంతటికీ వెళుతుంది.

సాధారణంగా పుపుస సిరలు నాలుగు. కుడి ఊపిరితిత్తి నుండి రెండు, ఎడమ ఊపిరితిత్తి నుండి రెండు వచ్చి ఎడమ కర్ణిక వెనుక భాగంలో వేర్వేరుగా తెరుచుకుంటాయి. కొందరిలో ఎడమ వైపు సిరలు రెండూ ఒకటిగా కలిసి ఒకే ద్వారం గుండా కర్ణికలోకి ప్రవేశిస్తాయి. మరికొందరిలో కుడి వైపు మధ్య తమ్మె నుండి వచ్చే సిర విడిగా తెరుచుకుంటుంది. రక్తం ఎడమ కర్ణికకే చేరుతున్నది కనుక ఇవి సహజమైన తేడాలే గాని వ్యాధులు కావు.

పిండంలో సిరలు ఏర్పడే విధానం

పిండంలో ఊపిరితిత్తులు అన్నవాహికకు మూలమైన గొట్టం నుండి మొలకెత్తుతాయి. అందువలన తొలిదశలో వాటి సిరలకు గుండెతో సంబంధం ఉండదు. వాటిలోని రక్తం శరీరపు ఇతర సిరలలోకే పోతుంది. సుమారు నాలుగవ వారంలో ఎడమ కర్ణిక వెనుక గోడ నుండి ఒక చిన్న సిర పెరిగి ఊపిరితిత్తుల సిరల వలతో కలుస్తుంది. దీనిని ఉమ్మడి పుపుస సిర అంటారు. ఈ కలయిక జరిగిన తరువాత పాత దారులు మూసుకుపోతాయి. ఉమ్మడి సిర క్రమంగా ఎడమ కర్ణిక గోడలో లీనమై, చివరకు నాలుగు సిరలు విడివిడిగా తెరుచుకుంటాయి.

ఈ క్రమంలో ఏ మెట్టు తప్పినదన్న దానిని బట్టి లోపం మారుతుంది. ఉమ్మడి సిర ఏర్పడకపోతే సిరలన్నీ పాత దారులలోనే ఉండిపోతాయి. కొన్ని సిరలు మాత్రమే కలవకపోతే లోపం పాక్షికమవుతుంది. ఉమ్మడి సిర కర్ణిక గోడలో సరిగా లీనం కాకపోతే ఎడమ కర్ణికలో ఒక అడ్డుపొర నిలిచిపోతుంది.

పుపుస ధమనులలో అధిక రక్తపోటు

చేతికి పట్టీ చుట్టి కొలిచే రక్తపోటు శరీర ధమనులకు సంబంధించినది. అది సుమారు 120/80 మి.మీ. పాదరసం ఉంటుంది. ఊపిరితిత్తుల ధమనులలో ఒత్తిడి చాలా తక్కువ. విశ్రాంతిగా ఉన్నప్పుడు దాని సగటు సుమారు 14 మి.మీ. మాత్రమే. దానిని చేతి పట్టీతో కొలవడం సాధ్యం కాదు. కనుక బి.పి. చూసి "బాగానే ఉన్నది" అని చెప్పినంత మాత్రాన పుపుస ధమనులలో ఒత్తిడి బాగున్నట్లు కాదు.

1973లో ప్రపంచ ఆరోగ్య సంస్థ జెనీవాలో జరిపిన సమావేశం నుండి సగటు ఒత్తిడి 25 మి.మీ. లేదా అంతకు మించి ఉంటే అధిక రక్తపోటుగా పరిగణించేవారు. 2018లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో జరిగిన ప్రపంచ సదస్సు ఈ హద్దును 20 మి.మీ. కంటె ఎక్కువగా సవరించినది. 2022లో వెలువడిన ఐరోపా వైద్య సంఘాల మార్గదర్శకాలు కూడా దీనినే అనుసరించాయి.

కారణాలను బట్టి ఈ వ్యాధిని ఐదు వర్గాలుగా విభజించారు.

1. పుపుస ధమనుల గోడలే మందమగుట. గుండెలో పుట్టుకతో వచ్చే రంధ్రాల వలన కలిగేది కూడా ఈ వర్గంలోనే చేరుతుంది.
2. గుండె ఎడమ భాగపు వ్యాధులు. మన దేశంలో కీళ్ళవాత జ్వరం వలన మైట్రల్ కవాటం ఇరుకగుట ఇందులో ముఖ్యమైనది.
3. ఊపిరితిత్తుల వ్యాధులు.
4. పుపుస ధమనులలో రక్తపు గడ్డలు నిలిచిపోవుట.
5. ఇతర కారణాలు, లేదా అనేక కారణాలు కలసి ఉండుట.

పుపుస సిరల లోపాలు ఒకే వర్గంలో ఇమడవు. రక్తం తప్పుదారిలో పోయే లోపాలు మొదటి వర్గానికి, సిరలు ఇరుకైన లోపాలు రెండవ వర్గానికి దగ్గరగా ఉంటాయి. ఈ తేడా చికిత్సలో చాలా ముఖ్యమైనది.

లోపాలలో రకాలు

పాక్షిక అపమార్గం: ఒకటి నుండి మూడు సిరల వరకు ఎడమ కర్ణికకు బదులు కుడి కర్ణికలో గాని, దానికి చేరే మహాసిరలలో గాని కలుస్తాయి. శవపరీక్షలలో సుమారు 0.4 నుండి 0.7 శాతం మందిలో ఇది కనిపించినట్లు వైద్య గ్రంథాలు పేర్కొంటాయి. తరచుగా కనిపించే రూపంలో కుడి ఊపిరితిత్తి పైభాగపు సిర ఊర్ధ్వ మహాసిరలో కలుస్తుంది. దీనితోపాటు కర్ణికల మధ్య, మహాసిర చేరే చోట, సైనస్ వీనోసస్ రంధ్రం అనే లోపం ఉండడం పరిపాటి. ఎడమ ఊపిరితిత్తి పైభాగపు సిర నిలువు సిర ద్వారా పైకి పోయి, మెడ కింద ఉన్న అడ్డ సిరలో కలవడం మరొక రూపం. టర్నర్ సిండ్రోమ్ గల స్త్రీలలో పాక్షిక అపమార్గం ఇతరులలో కంటె ఎక్కువగా కనిపిస్తుంది.

సిమిటార్ సిండ్రోమ్: కుడి ఊపిరితిత్తి సిరలు కిందికి దిగి అధో మహాసిరలో కలుస్తాయి. ఛాతీ ఎక్స్-రేలో ఈ సిర నీడ టర్కీ దేశపు వంపు కత్తిలా కనిపిస్తుంది. ఆ కత్తి పేరే సిమిటార్. కుడి ఊపిరితిత్తి చిన్నదిగా ఉండడం, గుండె కుడి వైపుకు జరిగి ఉండడం, ఊపిరితిత్తిలో కొంత భాగానికి బృహద్ధమని నుండి నేరుగా రక్తం అందడం దీనితో కలసి ఉండవచ్చును.

సంపూర్ణ అపమార్గం: ఒక్క సిర కూడా ఎడమ కర్ణికకు చేరదు. శుద్ధరక్తమంతా కుడి వైపుకే వస్తుంది. కర్ణికల మధ్య రంధ్రం గుండా కొంత రక్తం ఎడమ వైపుకు చేరితేనే శిశువు బ్రతుకుతుంది. సిరలు కలిసే చోటును బట్టి దీనిని గుండెకు పైన, గుండెలోనే, గుండెకు కింద, మిశ్రమం అని నాలుగు రకాలుగా విభజించారు. గుండెకు కింద కలిసే రకంలో దారి ఇరుకై అడ్డంకి ఏర్పడే అవకాశం ఎక్కువ.

పుపుస సిరల ఇరుకు: సిరలు సరైన చోటనే కలిసినా ద్వారం వద్ద ఇరుకుగా ఉంటాయి. ఇది ఒక సిరకు పరిమితం కావచ్చును, అన్ని సిరలకూ వ్యాపించవచ్చును. నెలలు నిండకుండా పుట్టిన శిశువులలో పుట్టిన తరువాత కూడా ఇది ఏర్పడుట కలదు. పెద్దలలో గుండె లయ దోషానికి చేసే అబ్లేషన్ చికిత్స తరువాత ఏర్పడే ఇరుకు జన్మతః వచ్చినది కాదు.

మూడు కర్ణికల గుండె: ఎడమ కర్ణికను ఒక పొర రెండు గదులుగా విడదీస్తుంది. పుపుస సిరలు వెనుక గదిలో తెరుచుకుంటాయి. పొరలోని రంధ్రం చిన్నదైతే రక్తం వెనుకనే నిలిచిపోయి, మైట్రల్ కవాటం ఇరుకైనప్పటి లక్షణాలే కనిపిస్తాయి.

రక్తపోటు ఎందుకు పెరుగుతుంది

పుపుస సిరల లోపాలు రెండు వేర్వేరు మార్గాలలో రక్తపోటును పెంచుతాయి. గోదావరి డెల్టాలోని కాలువలను ఎరిగినవారికి ఈ రెండు మార్గాలూ సులభంగా బోధపడతాయి.

మొదటిది ప్రవాహం పెరగడం. పంట బోదెలోని నీరు చేనికి చేరక తిరిగి కాలువలోనే పడితే, కాలువ నిండుగా పారుతూనే ఉంటుంది గాని చేనికి నీరు అందదు. అదే విధంగా అపమార్గం పట్టిన శుద్ధరక్తం శరీరానికి చేరక కుడి కర్ణికకు వచ్చి, మళ్ళీ ఊపిరితిత్తులకే పోతుంది. గుండె కుడి భాగం ఒకే రక్తాన్ని మరల మరల తోడవలసి వస్తుంది. ఫలితంగా కుడి కర్ణిక, కుడి జఠరిక పెద్దవవుతాయి. ఎక్కువ ప్రవాహం తాకిడికి కొందరిలో పుపుస ధమనుల సన్నని శాఖల గోడలు సంవత్సరాల తరబడి మందమవుతాయి. అప్పుడు ప్రవాహంతోపాటు నిరోధం కూడా పెరుగుతుంది.

రెండవది దారి మూసుకుపోవడం. సముద్రంలో కలిసే మొగ పూడుకుపోతే మురుగు కాలువ నీరు వెనక్కి తన్ని చేలు మునుగుతాయి. సిర ఇరుకైనప్పుడు కూడా ఒత్తిడి వెనుకకు, అనగా ఊపిరితిత్తుల కేశనాళికలకు, అక్కడ నుండి ధమనులకు పాకుతుంది. కేశనాళికల నుండి ద్రవం ఊరి ఊపిరితిత్తులలో నీరు చేరుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. నాలుగు సిరలలో ఒక్కటే దారి తప్పితే ఊపిరితిత్తుల రక్తంలో సుమారు నాలుగవ వంతు మాత్రమే వృథాగా తిరుగుతుంది. కర్ణికల మధ్య రంధ్రం లేకపోతే సాధారణంగా దీని వలన తీవ్రమైన అధిక రక్తపోటు రాదు. కనుక ఒత్తిడి చాలా ఎక్కువగా ఉన్న రోగిలో ఒకే ఒక్క సిర దారి తప్పినట్లు కనిపిస్తే, అంతటితో కారణం దొరికినదని ఆగక, రంధ్రం, గడ్డలు, ఊపిరితిత్తుల వ్యాధి మొదలైనవి ఉన్నాయేమో వెదకవలెను. లోపం కనబడుట ఒకటి, అదే వ్యాధికి కారణమగుట మరొకటి.

లక్షణాలు

శిశువులలో: అడ్డంకి ఉన్న సంపూర్ణ అపమార్గంలో శిశువు పుట్టిన కొద్ది గంటలలో లేదా రోజులలో నీలిబారుతుంది, వేగంగా ఊపిరి తీస్తుంది, పాలు త్రాగలేదు. అడ్డంకి లేనప్పుడు నీలిరంగు స్వల్పంగా ఉండి కంటికి తెలియకపోవచ్చును. పాలు త్రాగేటప్పుడు చెమటలు పట్టడం, బరువు పెరగకపోవడం, మాటిమాటికీ న్యుమోనియా రావడం గమనించవచ్చును. చికిత్స లేనిచో సంపూర్ణ అపమార్గం గల శిశువులలో ఎక్కువమంది ఏడాది లోపే మరణిస్తారు.

పెద్ద పిల్లలలో, పెద్దలలో: నడిచినా మెట్లు ఎక్కినా ఆయాసం, త్వరగా అలసిపోవడం, గుండెదడ, శ్రమ చేసినప్పుడు కళ్ళు తిరగడం లేదా స్పృహ తప్పడం, ఆలస్యమైన దశలో కాళ్ళ వాపు, పొట్ట ఉబ్బడం కనిపిస్తాయి. సిరలు ఇరుకైనచో దగ్గులో రక్తం పడవచ్చును. ఈ లక్షణాలలో ఏదీ ఈ వ్యాధికి మాత్రమే ప్రత్యేకమైనది కాదు. అందువలన ఆయాసాన్ని ఉబ్బసంగాను, నీరసాన్ని రక్తహీనతగాను భావించి కాలం గడిచిపోవుట కలదు.

వైద్యుడు స్టెతస్కోపుతో విన్నప్పుడు గుండె రెండవ శబ్దం గట్టిగా వినిపించడం అధిక రక్తపోటుకు సూచన. కర్ణికల మధ్య రంధ్రం ఉన్నప్పుడు ఆ శబ్దం రెండుగా చీలి, ఊపిరి పీల్చినా వదిలినా ఆ ఎడం మారకుండా ఉంటుంది.

వ్యాధి నిర్ధారణ

ఇ.సి.జి., ఎక్స్-రే: ఇ.సి.జి. గుండె కుడి భాగంపై పడిన భారాన్ని సూచిస్తుంది. ఎక్స్-రేలో పెద్దదైన గుండె, ఉబ్బిన పుపుస ధమనులు, వంపు కత్తి నీడ కనిపించవచ్చును. గుండెకు పైన కలిసే సంపూర్ణ అపమార్గంలో కొన్ని నెలల వయసు తరువాత గుండె నీడ 8 అంకె ఆకారంలో కనిపిస్తుంది.

ఎకోకార్డియోగ్రాఫీ: ఇది తొలి ముఖ్య పరీక్ష. ట్రైకస్పిడ్ కవాటం గుండా వెనుకకు కారే రక్తపు వేగాన్ని బట్టి పుపుస ధమనుల ఒత్తిడిని అంచనా వేస్తారు. పసిపిల్లలలో పుపుస సిరలు బాగా కనిపిస్తాయి. పెద్దలలో అవి ఛాతీ లోతున ఉండుట చేత పై నుండి చూస్తే అన్నీ కనబడవు. సైనస్ వీనోసస్ రంధ్రం కూడా ఈ విధంగానే దృష్టి తప్పుతుంది. వేరే కారణమేదీ లేకుండా గుండె కుడి భాగం పెద్దదిగా కనిపిస్తే, ఎకోలో "రంధ్రం లేదు" అని వచ్చినా సిరలను వెదకవలెను. అన్నవాహిక గుండా గొట్టం పంపి చేసే ఎకో పరీక్షలో ఈ భాగం స్పష్టంగా కనిపిస్తుంది.

సి.టి. యాంజియోగ్రాఫీ: సిరలు ఎన్ని, ఎక్కడ కలుస్తున్నాయి, ఎక్కడ ఇరుకైనవి అనే ప్రశ్నలకు ఇది స్పష్టమైన సమాధానమిస్తుంది. అధిక రక్తపోటు అనుమానించిన రోగులకు గడ్డలున్నాయేమో చూడడానికి ఎలాగూ సి.టి. తీస్తారు. ధమనులతోపాటు సిరలను కూడా ఒక్కొక్కటిగా గుండె వరకు అనుసరించి చూస్తే వేరే పరీక్ష అక్కరలేకుండానే లోపం బయటపడవచ్చును.

ఎం.ఆర్.ఐ.: ఊపిరితిత్తులకు పోయే రక్తానికి, శరీరానికి పోయే రక్తానికి గల నిష్పత్తిని ఇది కొలుస్తుంది. సహజంగా ఈ నిష్పత్తి 1. అది 1.5 లేదా అంతకు మించితే అపమార్గం గణనీయమైనదని భావిస్తారు. ఇందులో ఎక్స్-కిరణాలు ఉండవు కనుక పదేపదే చేయవలసి వచ్చినప్పుడు అనుకూలమైనది.

కుడి గుండె కాథెటర్ పరీక్ష: సిర ద్వారా సన్నని గొట్టాన్ని గుండెలోకి, పుపుస ధమనిలోకి పంపి ఒత్తిడిని నేరుగా కొలుస్తారు. అధిక రక్తపోటును ఖచ్చితంగా నిర్ధారించేది ఇదే. గొట్టం పోయే దారిలో వేర్వేరు చోట్ల రక్త నమూనాలు తీసి ప్రాణవాయువు శాతాన్ని చూస్తారు. ఊర్ధ్వ మహాసిరలో అది అనుకోకుండా పెరిగితే అక్కడ ఏదో పుపుస సిర కలుస్తున్నదని గ్రహించవచ్చును. సిరల ఇరుకు కొన్ని తమ్మెలకే పరిమితమై ఉండవచ్చును గనుక ఊపిరితిత్తులలో ఒకే చోట ఒత్తిడి కొలిచి ఊరుకోక అనేక చోట్ల కొలవవలెను.

పొరబడే సందర్భాలు

నవజాత శిశువులలో పుపుస ధమనుల ఒత్తిడి పుట్టిన తరువాత తగ్గకుండా నిలిచిపోయే వ్యాధి ఒకటి ఉన్నది. అడ్డంకి గల సంపూర్ణ అపమార్గం అచ్చం దానివలెనే కనిపిస్తుంది. మొదటిదానికి వాడే నైట్రిక్ ఆక్సైడ్ వాయువు రెండవదానిలో ఊపిరితిత్తులకు రక్తాన్ని మరింతగా పంపి నీరు చేరుటను పెంచవచ్చును. శిశువుకు కావలసినది అత్యవసర శస్త్రచికిత్స. కనుక నీలిబారిన శిశువుకు ఎకో చేయునపుడు పుపుస సిరలను చూచుట తప్పనిసరి.

పెద్దలలో సిరల ఇరుకును ధమనుల వ్యాధిగా భావించి సిల్డెనాఫిల్, బోసెంటాన్ వంటి మందులు ఇస్తే ధమనులు వెడల్పై, ముందున్న అడ్డంకి మాత్రం అలాగే ఉండుట వలన ఊపిరితిత్తులలో నీరు చేరవచ్చును. సన్నని సిరలు మూసుకుపోయే మరొక అరుదైన వ్యాధిలోనూ ఇదే ప్రమాదం కలదు.

ఊపిరితిత్తుల గాలి, రక్త ప్రసరణలను పోల్చే స్కాన్‌లో సిరల ఇరుకు కూడా రక్తం అందని భాగాలుగా కనిపించి, గడ్డల వ్యాధి అనే భ్రమను కలిగించవచ్చును. ఎడమ వైపు కనిపించే నిలువు సిరను, కొందరిలో సహజంగా మిగిలిపోయే ఎడమ ఊర్ధ్వ మహాసిరగా పొరబడుట మరొకటి. నిలువు సిరలో రక్తం పైకి, ఎడమ మహాసిరలో కిందికి ప్రవహిస్తుంది. ఈ దిశను బట్టి రెండింటినీ వేరుచేయవచ్చును.

చికిత్స

సంపూర్ణ అపమార్గానికి శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. సిరలన్నీ కలిసే సంచిని ఎడమ కర్ణికకు కలిపి కుట్టి, కర్ణికల మధ్య రంధ్రాన్ని మూసివేస్తారు. అడ్డంకి ఉంటే వెంటనే, లేకుంటే నిర్ధారణ అయిన తరువాత ఎక్కువ ఆలస్యం లేకుండా చేస్తారు. కొందరిలో కుట్టిన చోట తరువాతి నెలలలో మళ్ళీ ఇరుకు ఏర్పడుతుంది. అందువలన శస్త్రచికిత్స జయప్రదమైన తరువాత కూడా ఎకో పరీక్షలు మానరాదు. సిర గోడలకు సూది తగలకుండా గుండె పైపొరను కర్ణికకు కుట్టే పద్ధతి ఇట్టి ఇరుకుకు వాడుకలో ఉన్నది.

పాక్షిక అపమార్గంలో అందరికీ శస్త్రచికిత్స అవసరం లేదు. 2018 అమెరికా హృద్రోగ సంఘాల మార్గదర్శకాల ప్రకారం ఆయాసం వలన శక్తి తగ్గి, కుడి జఠరిక పెద్దదై, ప్రవాహ నిష్పత్తి 1.5 లేదా అంతకంటె ఎక్కువై, పుపుస ధమని ఒత్తిడి శరీర రక్తపోటులో సగం కంటె తక్కువగాను, పుపుస నిరోధం శరీర నిరోధంలో మూడవ వంతు కంటె తక్కువగాను ఉన్నప్పుడు సరిచేయుట మేలు. మహాసిరలో కలిసే కుడి సిరకు వార్డెన్ పద్ధతిలో మహాసిరను పైన కోసి కుడి కర్ణిక చెవికి కలుపుతారు, మిగిలిన భాగాన్ని రంధ్రం గుండా ఎడమ కర్ణికకు మళ్ళిస్తారు. ఇటీవలి సంవత్సరాలలో ఎంపిక చేసిన రోగులకు ఛాతీ కోయకుండా, పూత గల స్టెంటుతో కూడా ఈ లోపాన్ని సరిచేస్తున్నారు.

కాలం మించిన తరువాత పరిస్థితి మారిపోతుంది. కర్ణికల మధ్య రంధ్రం ఉన్నవారిలో పుపుస ధమనుల ఒత్తిడి గాని, నిరోధం గాని శరీరపు విలువలలో మూడింట రెండు వంతులు దాటితే, లేదా రక్తం కుడి నుండి ఎడమకు ప్రవహించడం మొదలైతే, ఆ రంధ్రాన్ని మూయుట హానికరం. అంతవరకు ఒత్తిడిని కొంత విడుదల చేస్తున్న ఆ ద్వారం మూసుకుపోతే కుడి జఠరిక విఫలమవుతుంది. పదేళ్ళ వయసులో సులభంగా నయమయ్యే లోపమే నలభై ఏళ్ళకు ముట్టరానిది కావచ్చును. నిర్ధారణలో ఆలస్యానికి చెల్లించే మూల్యం ఇదే.

సిరల ఇరుకుకు బెలూను, స్టెంటు, శస్త్రచికిత్స ఉన్నవి గాని ఇరుకు మళ్ళీ వచ్చుట తరచుగా జరుగుతుంది. పుపుస ధమనులలో అధిక రక్తపోటు గల స్త్రీలకు గర్భధారణ ప్రాణాపాయకరం కనుక వివాహానికి, సంతానానికి ముందే వైద్య సలహా తీసుకొనుట అవసరం.

చరిత్ర

పాక్షిక అపమార్గాన్ని 1739లో విన్‌స్లో, సంపూర్ణ అపమార్గాన్ని 1798లో విల్సన్ వర్ణించారు. సిమిటార్ సిండ్రోమ్ వర్ణన 1836లో కూపర్, షాసినా వేర్వేరుగా చేశారు. ఇవన్నీ శవపరీక్షలలో కనుగొన్నవే. బ్రతికి ఉన్న మనిషిలో వీటిని గుర్తించుటకు గుండెలోకి గొట్టం పంపే విద్య రావలసి వచ్చినది. 1929లో జర్మన్ వైద్యుడు వెర్నెర్ ఫోర్స్‌మన్ తన గుండెలోకే గొట్టం పంపుకొని దానికి నాంది పలికాడు. కూర్నాన్, రిచర్డ్స్ అనే వైద్యులు ఆ పద్ధతిని రోగ నిర్ధారణకు అనువుగా తీర్చిదిద్దారు. ఈ ముగ్గురికీ 1956లో నోబెల్ బహుమతి లభించినది.

1951లో డ్రెస్‌డేల్, అతని సహచరులు కారణం కనిపించని అధిక రక్తపోటును ప్రత్యేక వ్యాధిగా వర్ణించారు. 1957లో డార్లింగ్, అతని సహచరులు సంపూర్ణ అపమార్గాన్ని నాలుగు రకాలుగా వర్గీకరించారు. 1984లో వార్డెన్ బృందం తమ శస్త్రచికిత్స పద్ధతిని ప్రచురించినది.

కోనసీమలో, ఆంధ్రప్రదేశ్‌లో

ఈ లోపాలకు ప్రాంతభేదం లేదు. అవి బయటపడే వయసు మాత్రం వైద్య సౌకర్యం ఎంత దూరంలో ఉన్నదన్న దానిపై ఆధారపడుతుంది. కోనసీమ సముద్రతీరంలోని అల్లవరం మండలం ఇందుకు తగిన ఉదాహరణ. ఓడలరేవు, బెండమూర్లంక, కొమరగిరిపట్నం వంటి తీరగ్రామాలు గల ఈ మండలానికి దగ్గరి పట్టణం అమలాపురం. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు అమలాపురం జిల్లా కేంద్రమైనది. అమలాపురంలో కోనసీమ వైద్య విజ్ఞాన సంస్థ అనే వైద్య కళాశాల ఆసుపత్రి కలదు. 1958లో స్థాపించబడిన రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధమైన కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఈ ప్రాంతీయులకు చిరకాలంగా పెద్దాసుపత్రి. 2002లో యానాం - ఎదుర్లంక వంతెన ప్రారంభమగుటతో గోదావరి పాయ దాటి కాకినాడ చేరుట సులభమైనది.

పసిపిల్లల గుండె శస్త్రచికిత్సకు ఇంకా దూరం పోవలసి రావచ్చును. హైదరాబాదులోని నిమ్స్, పుట్టపర్తిలో 1991లో ప్రారంభమైన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య విజ్ఞాన సంస్థ గుండె శస్త్రచికిత్సలకు పేరుపొందినవి. 2021 అక్టోబరులో తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానముల ఆధ్వర్యంలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభమైనది.

ఖర్చు విషయంలో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పెద్ద మార్పు తెచ్చినది. తెల్లరేషను కార్డు గల కుటుంబాల పిల్లలకు గుండె శస్త్రచికిత్సలు దీనివలన అందుబాటులోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ పథకం పేరు ప్రభుత్వాలతోపాటు మారుతూ వచ్చి, 2024 నుండి ఎన్.టి.ఆర్. వైద్య సేవగా వ్యవహరింపబడుతున్నది. 2005లో ప్రారంభమైన 108 అంబులెన్సు సేవ అత్యవసర ప్రయాణానికి ఉపకరిస్తున్నది.

సౌకర్యాలున్నా లోపాన్ని ముందుగా అనుమానించేవారు లేనిచో అవి అక్కరకు రావు. ఈ అనుమానానికి మూడు సందర్భాలు అనుకూలమైనవి.

1. ప్రసవమైన ఆసుపత్రిలో శిశువు పాదానికి పల్స్ ఆక్సీమీటరు పెట్టి ప్రాణవాయువు శాతం చూచుట. పుట్టిన 24 గంటల తరువాత అది 95 కంటె తక్కువగా ఉంటే మరల చూసి, అలాగే ఉంటే ఎకో చేయించవలెను. ఈ పరీక్షకు కూడా కొందరు శిశువులు దొరకకపోవచ్చును కనుక ఆ తరువాతి లక్షణాలను ఉపేక్షించరాదు.
2. పాఠశాలలో జరిగే ఆరోగ్య పరీక్షలు. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద పుట్టినది మొదలు 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించే వ్యాధులలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు కూడా ఉన్నవి. ఆటల పీరియడులో తోటివారితో సమానంగా పరుగెత్తలేక మాటిమాటికీ కూర్చుండిపోయే పిల్లలను ఉపాధ్యాయులు సోమరులుగా భావించక, వైద్య బృందానికి చూపవలెను.
3. వరినాట్లలో, కొబ్బరి తోటలలో పనిచేసే యువతీయువకులు మునుపటి వలె పని చేయలేకపోవుట. రక్తహీనత, ఉబ్బసం, క్షయ, మైట్రల్ కవాట వ్యాధి ఇట్టి ఆయాసానికి ఎక్కువ సాధారణమైన కారణాలు. వాటికి తగిన చికిత్స చేసినా ఆయాసం తగ్గనప్పుడు ఒక్క ఎకో పరీక్ష దారి చూపుతుంది.

మేనరికపు వివాహాలు ఆంధ్ర ప్రాంతంలో చిరకాలంగా ఉన్నవి. దగ్గరి రక్తసంబంధం గల దంపతుల సంతానంలో పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు కొంత ఎక్కువగా కనిపిస్తాయని అనేక పరిశీలనలలో తేలినది. అయితే పుపుస సిరల లోపం గల పిల్లలలో చాలామంది తల్లిదండ్రులకు ఇట్టి సంబంధమేదీ ఉండదు. కనుక బిడ్డకు లోపమున్నదని తల్లిని గాని, వంశాన్ని గాని నిందించుటకు శాస్త్రీయ ఆధారం లేదు. నాలుగు సిరల దారులను సకాలంలో కనుగొనడమే ఆ బిడ్డకు చేయగల మేలు.

ఇవి కూడా చూడండి

గుండె
ఊపిరితిత్తులు
రక్త ప్రసరణ వ్యవస్థ
కీళ్ళవాత జ్వరం
ఆరోగ్యశ్రీ
అల్లవరం